మూడు రింగులు

చనిపోయిన ఇద్దరమ్మాయిల ఫోన్లూ సోమవారం పొద్దున్న పదీ నలభై మూడుకి ఆగిపోయాయి. ఒకటి ఆగిన ఇరవై సెకన్లకి రెండోది. ఇల్లు అంటుకున్నది పదీ యాభై ఆరుకి. మధ్యలో ఉన్న ఆ పదమూడు నిమిషాల్లో ఏం జరిగిందో కనుక్కోవడమే నా పని.

ఈ లెక్క నా చేతికిచ్చింది చనిపోయినవాళ్ళలో ఒకమ్మాయికి సొంత అక్క. చెల్లెలి ఫోను కనెక్షన్ ఆవిడ పేరు మీదే ఉంది. తనతో పాటు చనిపోయిన కొత్తమ్మాయిని కూడా చెల్లెలు అదే కనెక్షన్లో కలిపించింది. అందుకే కంపెనీవాళ్ళు వివరాలు కాదనలేకపోయారు. పట్టపగలు పదిన్నరకి ఫోను ఆపుకుని పడుకునే మనిషి కాదండీ మా చెల్లి, అని ఆవిడ నా ఎదుట కూర్చుని మూడుసార్లు అంది. మూడోసారికి నేనూ నమ్మాను.

నేను ఇరవై రెండేళ్ళు ఫైరింజనెక్కి దిగినదాన్ని. ఒక మంటలో మెట్లు విరిగి మోకాలు పోయాక ఉద్యోగం వదిలేశాను. ఇప్పుడు మంట ఎలా పుట్టిందో, ఎవరు పుట్టించారో వెతికిపెడతాను. కుంటుతాను, నోరు మంచిది కాదు. ఇవి ముందే చెప్పడం నయం, ఎందుకంటే ఈ గురువారం నాడు రెండూ నన్ను నిలువునా ముంచాయి.

ఆ ఇంట్లో ఐదుగురు ఉండడానికి లైసెన్సుంది. ఉన్నది పద్నాలుగు మంది, అందరూ చదువు కోసం దేశం దాటి వచ్చిన ఆడపిల్లలు. పరుపులు తొమ్మిది. రాత్రి షిఫ్టు చేసొచ్చినవాళ్ళు పగలూ, పగలు కాలేజీకి వెళ్ళేవాళ్ళు రాత్రీ అదే పరుపు మీద, పక్క వెచ్చదనం ఆరకముందే పడుకుంటారు. ఇల్లు నడిపే పెద్దమనిషిని అందరూ బాబాయ్ అంటారు. కాగితాలడక్కుండా, గ్యారంటీ అడక్కుండా, విమానం దిగిన పిల్లని నేరుగా తెచ్చి తలదాచుకునే చోటు చూపిస్తాడు కాబట్టి ఆ పిలుపు. చుట్టరికం అంతవరకే.

మంటప్పుడు ఇంట్లో ఉన్నది ముగ్గురు. అటక మీద శవాలై దొరికినవాళ్ళలో ఒకామె, ప్రతిదానికీ వాదిస్తుందని అందరూ 'లాయరు' అని పిలిచే పిల్ల. నా దగ్గరికొచ్చింది ఆమె అక్కే. రెండోది తొమ్మిది రోజుల కిందట దిగిన కొత్తమ్మాయి. బతికి బయటపడ్డది 'పొట్టి'. స్టౌ ఆపకుండా వదిలేశానని పొట్టి పోలీసుల ముందు ఒప్పుకుంది. మధ్యాహ్నం మూడింటికి కోర్టు. అక్కడా అదే మాటంటే ఇద్దరి చావూ ఆమె నెత్తిన పడుతుంది, ఏళ్ళ తరబడి జైలు.

నా దగ్గర ఇంకొక్క ముక్క ఉంది. బుధవారం సాయంత్రం లాయరు అక్కకి తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. ఒక ఆడపిల్ల గొంతు. సోమవారం పొద్దున్న ఏడింటికి తను రాత్రి డ్యూటీ దిగి వచ్చి, కాలేజీకి వెళ్ళేముందు ఓ గంట మెట్ల మలుపులో దుప్పటి ముసుగేసుకుని పడుకుందట. ఎవరో మెట్ల కింద గూడు తెరిచారు. ఎవరని అడిగితే, నేనేనమ్మా, మీటరు చూడ్డానికొచ్చాను, పడుకో, అన్నాడు బాబాయ్. ఇంతే చెప్పి, పేరడిగేలోపు పెట్టేసింది.

*

పదింటికి స్టేషన్లో పొట్టిని చూశాను. కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకానడం లేదు. కుడి అరచేతికి కట్టు. కనుబొమలు కాలిపోయి మొహం బోసిగా ఉంది. నేనేం అడిగినా ఒకటే పాఠం. స్టౌ మీద నీళ్ళు పెట్టాను, మరిచిపోయాను, తప్పు నాదే. ఎన్నింటికి పెట్టావంటే గుర్తులేదు. మంట చూసినప్పుడు ఎక్కడున్నావంటే గుమ్మం బయట. గుమ్మం బయట ఏం పనంటే మళ్ళీ స్టౌ పాఠమే.

నర్సు కట్టు మార్చడానికి రావడం కలిసొచ్చింది. అరచేతికి అడ్డంగా ఒక కాలిన చార ఉంది. బొటనవేలంత వెడల్పు, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా, ఒక చివర గుండ్రంగా గుంట. గిన్నె పిడి వల్ల కాలిందని ఆస్పత్రి కాగితంలో రాశారు. గిన్నె పిడిని ఎవరైనా వేళ్ళతో పట్టుకుంటారు. ఇది అరచేత్తో బలంగా తోసిన చోటు. అదీ ఒకసారి కాదు, చార మీద చార పడింది.

"గిన్నె కాదిది," అన్నాను. "దేన్ని తోశావు?"

ఆమె చెయ్యి ఒళ్ళోకి లాక్కుంది. "స్టౌ నేనే ఆపలేదక్కా. అదే రాసుకోండి."

నాకు ఒళ్ళు మండింది. లాయరు అక్క బయట బెంచీ మీద కూర్చుందనీ, ఈ కాకమ్మ కబుర్లు ఆవిడ మొహం చూసి చెప్పమనీ కేకేశాను. పొట్టి తల వంచి బల్ల అంచుకేసి నుదురు కొట్టుకుంది. పోలీసు వచ్చి పట్టుకునేలోపు నాలుగుసార్లు, ఏ మాత్రం చప్పుడు చెయ్యకుండా, పళ్ళు బిగించి. నెత్తురు ముక్కు మీదుగా కారి బల్ల మీది ఆస్పత్రి కాగితం మీద పడింది. నా నోటిని నేనే తిట్టుకుంటూ బయటికొచ్చాను.

*

పదకొండూ పదికి కాలిన ఇంట్లో ఉన్నాను. ముందు వంటగది చూశాను. స్టౌ మీట వెలిగించిన వైపే తిరిగి ఉన్న మాట నిజం. కానీ దాని వెనక గోడ పొగచూరిందే తప్ప కాలలేదు. పై అరల్లో ప్లాస్టిక్ డబ్బాలు మూతల దగ్గర కరిగి, అడుగులు బాగానే ఉన్నాయి. వేడి ఇంకో చోట పుట్టి కప్పు వెంబడి ఇక్కడికి వచ్చిందన్నమాట.

పుట్టింది మెట్ల కింద గూట్లో. అక్కడి గోడ మీద కాలిన మచ్చ కింద సన్నగా మొదలై పైకి పోనుపోను వెడల్పయింది. మంట పుట్టినచోట గుర్తు అలాగే ఉంటుంది. గూటినిండా మడిచి కుక్కిన పరుపులు, అంటే ఇప్పుడు వాటి బొగ్గు. చెయ్యి పెట్టి కెలికితే ఇస్త్రీపెట్టె తగిలింది. బోర్లా ఉంది, అడుగు రేకు పరుపుకి అతుక్కుపోయింది. దాని వైరు పట్టుకుని పోతే గోడలో ప్లగ్గు దొరికింది. ప్లగ్గుకీ గోడకీ మధ్య అరచేతిలో పట్టే తెల్ల డబ్బా ఒకటి, సగం కరిగి. దీపాలు వాటంతటవి వెలగడానికి జనం పెట్టుకునే టైమరు అది. చక్రం చుట్టూ పావుగంటకొకటి చొప్పున చిన్న పళ్ళుంటాయి. ఒక్క పన్ను మాత్రం నొక్కి ఉంది, పదీ నలభై ఐదు దగ్గర. ఇస్త్రీపెట్టె వేడెక్కి పరుపు అంటుకోడానికి పది, పదకొండు నిమిషాలు పడుతుంది. లెక్క సరిపోయింది.

మెట్లకి గోడవైపు మిగిలిన అంచు మీద అడుగులేస్తూ, మోకాలిని బతిమాలుకుంటూ పైకెక్కాను. అటక తలుపు పై నడవ కప్పులో ఉంది, గోడకి బిగించిన ఇనుప నిచ్చెన ఎక్కి అందుకోవాలి. సోమవారం ఫైరింజనువాళ్ళు పైకప్పు పగలగొట్టి దిగారు కాబట్టి ఈ తలుపు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. సగం కాలి వేలాడుతోంది. దాని గడియ కిందివైపు ఉంది, నడవ వైపు నుంచి వేసేది. గడియ ఇంకా చట్రంలోనే ఇరుక్కుని ఉంది. కదిలించి ఊడబెరికాను. ఇనుమంతా నల్లగా మాడింది. చట్రం కన్నంలో దూరి ఉన్న అంగుళం ముక్క మాత్రం కొన్న రోజున ఉన్నట్టే మెరుస్తోంది. ఇల్లు తగలబడుతున్నంతసేపూ ఆ ఇద్దరి మీదా బయటి నుంచి గడియ పడి ఉందన్నమాట.

తల పైకి పెట్టి టార్చి వేశాను. తలుపు లోపలి వైపు, కాలకుండా మిగిలిన చెక్క మీద గోళ్ళు దిగిన గాట్లున్నాయి. కొన్ని గాట్లలో గోళ్ళు కూడా ఉన్నాయి. ఓ మూల రెండు దిండు గలీబులు. ఒక్కోదాంట్లో ఒక జత బూట్లు, పళ్ళు తోముకునే బ్రష్షు, తువ్వాలు. నేను చాలా శవాలు మోశాను కానీ, ఆ బ్రష్షులు చూసినప్పుడు కాసేపు అక్కడే కూర్చోవలసి వచ్చింది. పడుకోడానికి వెళ్ళేవాళ్ళు బూట్లు గలీబులో వేసుకుని అటకెక్కరు. దాక్కోడానికి వెళ్ళేవాళ్ళు ఎక్కుతారు.

కిందికి దిగేసరికి టై మాస్టారు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఇన్సూరెన్సు కంపెనీ తరఫున మంటల మీద రిపోర్టులు రాసేది ఈయనే. బూడిదలోకి కూడా టై కట్టుకునే వస్తాడు. రెండేళ్ళలో మూడుసార్లు తగువుపడ్డాం, మూడుసార్లూ ఆయన రిపోర్టే చెల్లింది. నేను రాకముందే ఈ కేసు తేలిపోయిందనీ, అమ్మాయి ఒప్పుకుందనీ, మోకాలికి విశ్రాంతి ఇవ్వడం మంచిదనీ సలహా చెప్పాడు.

నేను టైమరు చూపించాను. ఆయన వంగి చూసి, దీపాలకి పెట్టుకుని ఉంటారన్నాడు. మా ఇంట్లో చేపల తొట్టెకీ ఇదే ఉంది, జంటగా తప్ప అమ్మరు, రెండోది ఇక్కడే ఏ గదిలోనో ఉంటుంది, చూసుకోండి, అన్నాడు. నేను అన్ని గదుల ప్లగ్గులూ చూశాను. రెండోది లేదు.

"బాబాయ్ ఆ రోజు పదిన్నర నుంచి పదకొండుంపావు దాకా నా ఎదురుగా కూర్చున్నాడు మేడమ్," అన్నాడు టై మాస్టారు. "పాలసీ కాగితాల మీద సంతకాలు పెడుతూ. నేనే సాక్షిని."

లాయరు బతికుండగా మీ ఆఫీసుకి ఫోన్ చేసిందా అని అడిగాను. అక్క చెప్పిన సంగతే. ఐదుగురికని రాసిన ఇంట్లో పద్నాలుగు మంది ఉంటే, మంట పుడితే మీ పాలసీ మమ్మల్ని లెక్కలోకి తీసుకుంటుందా అని ఆ పిల్ల కనుక్కుంది. అందరికీ వేరే చోటు దొరికాకే ఫిర్యాదు చేద్దాం, లేకపోతే తొమ్మిది మంది రోడ్డున పడతారు అని ఆగింది. టై మాస్టారు అవునన్నాడు. ఆ మాట బాబాయ్‌కి చెప్పారా అన్నాను. ఇంట్లో ఎంతమంది ఉన్నారో కనుక్కోవాలి కదా, చెప్పాను, అన్నాడు. ఎవరడిగారో కూడా చెప్పారా? ఈసారి టై సర్దుకున్నాడు. 

ఆ జవాబు కోసం ఆయన కాలరు పట్టుకున్నప్పుడే గుమ్మంలో బాబాయ్ దగ్గు వినిపించింది. వెనకాల గునపం పట్టుకుని ఒక బలిసిన మనిషి. పన్నెండింటికి ఇల్లు కూల్చడానికి అనుమతి వచ్చిందని చెప్పి, బాబాయ్ నా చేతిలోని గడియనీ టైమరునీ చూశాడు. ఆ చూపులో ఏమీ మారలేదు. అదే తీపి గొంతు.

"పిల్లలు పోయిన దుఃఖం నాది. నీకెందుకు తల్లీ ఈ మసి? ఇలా ఇచ్చెయ్."

ఇవ్వనన్నాను. ఆయన గునపం మనిషి వైపు తిరగకుండానే, "మోకాలు," అన్నాడు.

గునపం అడ్డంగా వచ్చింది. కాలు తీసేలోపే పాత దెబ్బ మీదే పడింది. లోపల ఏదో చిట్లిన శబ్దం నాకే వినపడింది. బూడిదలో బోర్లా పడి, దొరికినంత గుప్పిట పట్టి వాడి కళ్ళలో కొట్టాను. వాడు మొహం తుడుచుకుంటుంటే ఇనుప గడియతో ముంజేతి మీద బాదాను. ఎముక విరిగి చర్మం కింద తెల్లగా పొడుచుకొచ్చింది. గునపం వదిలేసి గోడకి జారగిలబడి ఏడ్చాడు.

ఈలోపు నా సంచి పటకా నా మెడ చుట్టూ బిగుసుకుంది. బాబాయ్ వెనక నుంచి మోకాలు నా వీపుకి ఆనించి లాగుతున్నాడు. "ఊరికే ఉండమ్మా, గింజుకుంటే ఇంకా నొప్పి," అని చెవిలో అంటున్నాడు, జ్వరమొచ్చిన పిల్లకి మందు పట్టే తండ్రిలా. కళ్ళు చీకట్లు కమ్మాయి. మోచెయ్యి వెనక్కి పొడిచాను, రెండోసారి, మూడోసారి. నాలుగోసారికి పట్టు సడలింది. తల వెనక్కి కొట్టాను. ఆయన పెదవి పగిలి, ఒక పన్ను నా భుజం మీదుగా వచ్చి నేలమీద పడింది.

నేను దగ్గుతూ లేచేసరికి బాబాయ్ టైమరుని మడమ కింద వేసి నలుపుతున్నాడు. చక్రం పొడిపొడి అయ్యేదాకా తొక్కి, ముక్కలు ఏరి జేబులో వేసుకున్నాడు. టై మాస్టారు గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు. ఆయన కాళ్ళ దగ్గర గడియ పడి ఉంది.

మంట కావాలని పెట్టారనడానికి నా దగ్గరున్న ఒక్క ఆధారం ఆయన జేబులోకి పోయింది. అప్పుడు నోరు జారాను.

"తీసుకెళ్ళు. ఏడింటికి మెట్ల మలుపులో దుప్పటి కింద పడుకున్న పిల్లకి నువ్వు కనిపించావు. చూసిన మనిషుంది."

బాబాయ్ చెయ్యి జేబులో ఆగింది. రక్తం కారుతున్న మూతి తుడుచుకుని, నన్ను మొదటిసారి సరిగ్గా చూశాడు. ఎవరా పిల్ల అని అడిగాడు. నేను చెప్పలేదు, చెప్పడానికి నాకూ తెలియదు. ఆయన తలాడించాడు.

"ముసుగుంది కదా, నాకూ మొహం కనపళ్ళేదు. మిగిలిన పదకొండు మందిలో ఒకతె, అంతేగా."

విరిగిన చెయ్యివాణ్ణి లేవదీసి, నెమ్మదిగా గుమ్మం మెట్లు దిగి వెళ్ళిపోయాడు. గడియారం పన్నెండూ ఐదు. భలే దెబ్బ కొట్టానని ఆ క్షణంలో లోపల సంతోషపడ్డాను కూడా. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

*

టై మాస్టారే నన్ను కారులో స్టేషనుకి తీసుకెళ్ళాడు.  నా మీద జరిగిన దాడి రాసుకోడానికే పోలీసులకి గంటకి పైగా పట్టింది. బాబాయ్ కోసం మనుషుల్ని పంపిస్తామన్నారు. మోకాలికి బద్దలు కట్టించుకుని పొట్టి ముందు కూర్చునేసరికి ఒంటిగంటన్నర. కేసు చూస్తున్న పోలీసు ఆఫీసరు తలుపు దగ్గర నిలబడ్డాడు. టై మాస్టారు లోపలికొచ్చి, కోటు జేబులోంచి గడియ తీసి బల్ల మీద పెట్టాడు. ఎప్పుడు ఏరుకున్నాడో నేను చూడలేదు.

ఈసారి నేను అరవలేదు. పొట్టి చెయ్యి పట్టుకుని, కట్టు విప్పి, గడియని ఆ చార మీద ఆనించాను. చారకి గడియ కమ్మీ, గుంటకి దాని చివరి గుండు, అతికినట్టు సరిపోయింది.

"దీన్ని తియ్యడానికి వెనక్కి వెళ్ళావు," అన్నాను. "మెట్లు మండుతుంటే వెళ్ళావు."

ఆమె గడియని ఎడమచేత్తో తిప్పి చూసింది. తర్వాత అంతా ఒక్కసారిగా వచ్చింది.

ఇంటికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిస్తే బాబాయ్ మిస్డ్ కాల్ ఇస్తాడు. మూడు రింగులు, కట్. లైసెన్సు కాగితంలో పేరున్న ఐదుగురిలో రోజుకొకరికి తలుపు డ్యూటీ. రింగులు వాళ్ళకే వస్తాయి. వెంటనే పేరు లేనివాళ్ళంతా పరుపులు మడిచి మెట్ల కింద కుక్కి, బూట్లూ బ్రష్షూ గలీబులో వేసుకుని అటకెక్కాలి. ఒకసారి తనిఖీ మధ్యలో అటక మీద ఎవరిదో ఫోను మోగింది కాబట్టి ఫోన్లు పూర్తిగా ఆపెయ్యాలి. తలుపు డ్యూటీ పిల్ల కింది నుంచి గడియ వేసి, మిస్డ్ కాల్ చెరిపేసి, గుమ్మం బయట నిలబడి నవ్వుతూ ఆహ్వానించాలి. ప్రతి ఆదివారం బాబాయ్ గడియారం పట్టుకుని సాధన చేయించేవాడు. వాళ్ళింటి రికార్డు మూడు నిమిషాల పది సెకన్లు. మంటొస్తే ఎటు పరిగెత్తాలో మాత్రం వాళ్ళకి ఎవరూ ఎప్పుడూ సాధన చేయించలేదు.

"కొత్తమ్మాయి భయపడిందక్కా. లాయరు దాని చెయ్యి పట్టుకుని ఎక్కించింది. పది నిమిషాలేనే, నవ్వకుండా కూర్చో అంది. నేను గడియ వేశాను." ఆమె గడియని బల్ల చివరికి నెట్టింది. "పావుగంట గుమ్మంలో నిలబడ్డాను. ఎవరూ రాలేదు. వెనక నుంచి పొగొచ్చింది. పైకెళ్ళాను. చెక్క ఉబ్బిపోయి గడియ రాలేదు. వాళ్ళు నన్ను పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నారు."

స్టౌ సంగతి ఎందుకు చెప్పావని అడిగాను.

"గడియ నేనే వేశానని వాళ్ళమ్మలకి ఎలా చెప్పనక్కా? స్టౌ అయితే మరిచిపోయాననుకుంటారు కదా."

ఆమె తల నా భుజం మీద పెట్టుకున్నాను. ఇంకేం చెయ్యాలో నాకు తెలియలేదు. టై మాస్టారు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. 

"పదీ నలభైకి," అన్నాడు. "నా బల్ల ముందే ఫోను చెవికి పెట్టుకున్నాడు. మాట్లాడకుండా కట్ చేశాడు. నంబరు తప్పు కలిపానని నవ్వాడు. నేను టీ తెప్పించాను."

ఆయన సాక్ష్యం ఈ మూడు రోజులూ బాబాయ్‌ని కాపాడింది. ఇప్పుడు అదే ఉరితాడు. ఆఫీసరు ఆ మాట రాసుకుంటున్నాడు. పొట్టి ఇక మూడింటికి కోర్టులో నిలబడక్కర్లేదు. గెలిచామనుకున్నాను. అంతలో టై మాస్టారు ఇంట్లోని చేపల తొట్టె గుర్తొచ్చింది. ఆ టైమర్లు జంటగా తప్ప అమ్మరు.

మిగిలిన పదకొండు మందీ ఇప్పుడెక్కడున్నారని పొట్టిని అడిగాను. సోమవారం సాయంత్రమే బాబాయ్ తన రెండో ఇంటికి మార్చాడంది. ఆ ఇంట్లో అంతకుముందే కొంతమంది ఉన్నారు. అక్కడా అటకుందా అంటే ఉందంది. అక్కడా మూడు రింగులేనా అంటే తలూపింది. ఇద్దరు పోయాక కూడా ఆ పిల్లలు అటకెక్కుతారా అని ఆఫీసరు అడిగాడు. పొట్టి ఆయన్ని వింతగా చూసింది. లాయరూ కొత్తమ్మాయీ చోటు చాలక అటక మీద పడుకున్నారనే అందరూ అనుకుంటున్నారు. రింగుల మాట, గడియ మాట ఆమె ఈ రోజు దాకా ఎవరికీ చెప్పలేదు.

నా ఫోను ఆమె చేతిలో పెట్టాను. తెలిసిన నంబర్లన్నీ కలిపింది. మొదటిది స్విచాఫ్. రెండోది స్విచాఫ్. ఆరోది కూడా అదే చెప్పింది. ఏడోది మోగింది. ఆ ఇంట్లో ఈ రోజు తలుపు డ్యూటీ పిల్లది. స్పీకరు పెట్టాను. వెనకాల బస్సు చప్పుడు.

"పొట్టీ, నిన్ను వదిలేశారా?" అందా పిల్ల సంతోషంగా. "ఇందాకే ఇక్కడా రింగులొచ్చాయే. రెండు నిమిషాల యాభై సెకన్లు. మీ ఇంటి రికార్డు కొట్టేశాం."

పొట్టి ఫోను నా వైపు తోసింది. ఎంతమంది పైన ఉన్నారని నేనడిగాను. పద్దెనిమిది మంది, అంది. వెంటనే దిగి వెనక్కి వెళ్ళి గడియ తియ్యమన్నాను.

"ఎలా వెళ్ళనండీ? ఈసారి ఇంట్లో ఎవరూ లేనట్టు ఉండాలన్నాడు బాబాయ్. తాళం వేసి చెవి ఆయనకే ఇచ్చి బస్సెక్కాను. గేటు దగ్గరే ఉన్నాడు. పాపం, ఎక్కడో పడ్డాడట, మూతంతా పగిలిపోయింది."

ఆఫీసరు అప్పటికే ఫైర్‌స్టేషనుకి ఫోన్ చేస్తూ పరిగెడుతున్నాడు. ఆ ఇంటికి ఫైరింజను దారి ఆరు నిమిషాలు. నేను ఆ దారిలో వందసార్లు వెళ్ళాను. గడియ ఎన్నింటికి వేశావని అడిగాను. ఒంటిగంటా నలభై మూడు, అంది ఆ పిల్ల, రికార్డు కదా, సరిగ్గా చూసుకున్నానంది.

గోడ గడియారంలో ఒంటిగంటా యాభై మూడు. పదమూడులో పది అయిపోయాయి.